వైన్స్ బోర్డు కింద దొరకని వైన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు నేల మీద ‘వైన్స్’ అన్న బోర్డు లేని ఊరు అరుదు. ఆ బోర్డు కింది దుకాణంలో వైన్ దొరకడం అంతకన్నా అరుదు. బీరు, విస్కీ, బ్రాందీ వరసల చివర ఏ మూలనో రెండు మూడు సీసాలు నిలబడి ఉంటాయి కానీ, అడిగేవారు తక్కువ కనుక అవి ఎన్నాళ్లుగా అక్కడున్నాయో దుకాణదారుకే గుర్తుండదు. హైదరాబాద్ హోటళ్లలో వైన్ వడ్డించే పనిలోనూ, ఆ తరువాత వైన్ రుచి చూడటం నేర్పే పనిలోనూ పదిహేనేళ్లకు పైగా గడిపిన నాకు అతిథుల నోట మళ్లీ మళ్లీ వినిపించిన కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. చట్టం చెప్పిన 21 ఏళ్లు నిండి, ఇప్పటికే వైన్ తాగుతూ, ఎంచుకోవడంలో తడబడుతున్నవారి కోసమే ఇది. అలవాటు లేనివారిని తాగమని చెప్పడానికి కాదు.

అపోహ: వైన్ అంటే ద్రాక్షరసమే కదా, మత్తు పెద్దగా ఉండదు, పైగా గుండెకు మంచిది.

ద్రాక్షారసం అనే మాటను మనం పిండిన పండ్ల రసానికీ, పులిసిన వైన్‌కూ కూడా వాడుతుండటం ఈ పొరపాటుకు ఒక కారణం కావచ్చు. రసంలోని చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మార్చినప్పుడే అది వైన్ అవుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ తయారవుతుంది కాబట్టి, బాగా పండిన ద్రాక్షతో చేసిన మామూలు వైన్‌లో 12 నుంచి 14.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. మనవారికి సులువుగా అర్థమయ్యే కొలతలో చెప్పాలంటే, 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 97 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటే, 42.8 శాతం విస్కీ క్వార్టర్ (180 మిల్లీలీటర్లు)లో ఉండేది 77 మిల్లీలీటర్లే. ‘వైనే కదా’ అనుకుంటూ సీసా మొత్తం ఒక్కరే ముగించి బండి తాళం చేతిలోకి తీసుకునే వ్యక్తి, క్వార్టర్ కంటే ఎక్కువే తాగి రోడ్డెక్కుతున్నాడన్నమాట. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమని చెప్పే మోటారు వాహనాల చట్టం, అది వైన్‌దా విస్కీదా అని అడగదు.

గుండె మాట ఫ్రాన్స్ నుంచి వచ్చింది. కొవ్వు ఎక్కువగా తినే ఫ్రెంచివారిలో గుండెజబ్బులు తక్కువగా ఉండటానికి రెడ్ వైన్ కారణం కావచ్చని 1991లో ఒక అమెరికా టీవీ కార్యక్రమం ప్రచారం చేయడంతో అది లోకమంతా పాకింది. ఆరోగ్యానికి ఏ హానీ చేయని మద్యపాన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైన్ అమ్మి బతికిన వాడిగా నేను చెప్పగలిగింది ఇంతే: రుచి కోసం తాగితే తాగండి, మందుగా మాత్రం తాగకండి.

అపోహ: ఎంత పాతబడితే అంత మంచిది.

పాత బియ్యానికి విలువ ఇచ్చే మనకు ఇది సహజంగానే నమ్మబుద్ధి వేస్తుంది. పెళ్లికి కానుకగా వచ్చిన వైట్ వైన్ సీసాను పదకొండేళ్లపాటు బీరువా మీద భద్రపరిచి, పెళ్లిరోజు విందుకు ఎంతో ఆప్యాయంగా తెచ్చిన దంపతుల ముందు దాని మూత తీయాల్సి వచ్చిన సాయంత్రం నాకింకా గుర్తుంది. లేత పసుపు రంగులో ఉండాల్సిన ద్రవం తుప్పునీళ్ల రంగుకు తిరిగి, కోసి గంటల తరబడి వదిలేసిన ఆపిల్ ముక్కల వాసన వేసింది. ఆ సీసాను పాడుచేసింది కాలం ఒక్కటే కాదు, పదకొండు హైదరాబాద్ వేసవులు కూడా.

లోకంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం సీసాలోకి ఎక్కిన కొద్ది సంవత్సరాల్లోనే తాగడానికి ఉద్దేశించినది. ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతపు కొత్త వైన్ అయితే, ఆ ఏడాది కోసిన ద్రాక్షతోనే తయారై నవంబరు మూడో గురువారం అమ్మకానికి వస్తుంది. బోర్డో ప్రాంతపు మేలైన రెడ్ వైన్‌లు, ఇటలీ బరోలో, జర్మనీ తీపి రీస్లింగ్ వంటివి దశాబ్దాలు నిలుస్తాయంటే వాటిలో వగరు, పులుపు, చక్కెరలలో ఏదో ఒకటి పుష్కలంగా ఉండటమూ, వాటిని 12, 13 డిగ్రీల చల్లని చీకటి గదిలో కదలకుండా ఉంచడమూ కారణాలు. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో ఏసీ లేని దుకాణంలో నిలబడిన సీసా కొన్ని వారాలకే ఉడికిపోతుంది. అందుచేత సీసా మీద ఉన్న సంవత్సరాన్ని చూడటం నేర్చుకోండి: అది ద్రాక్ష కోసిన సంవత్సరం. వైట్, రోజే (లేత గులాబీ రంగు) వైన్‌లైతే రెండేళ్ల లోపువి, మధ్యతరగతి ధరలో దొరికే రెడ్ అయితే మూడు నాలుగేళ్ల లోపువి తీసుకోవడం మంచిది. ధర కన్నా ముందు ఏసీ ఉన్న దుకాణాన్ని వెతకమని నేను నా విద్యార్థులకు చెబుతుంటాను.

అపోహ: వగరుగా, పుల్లగా ఉంటే అది పాడైన వైన్, మంచిది తియ్యగా ఉంటుంది.

మన దేశంలో చాలామంది మొదట రుచి చూసిన వైన్ గోవా నుంచి ఎవరో తెచ్చిన తియ్యటి పోర్ట్ సీసా కావడం వల్ల, వైన్ అంటేనే తీపి అన్న ముద్ర పడిపోయింది. అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని డౌరో లోయది. 1756లోనే ఆ ప్రాంతానికి ప్రభుత్వం హద్దులు గీసింది. అక్కడ రసం సగం పులిసేసరికి ద్రాక్ష నుంచే తీసిన ఘాటైన సారాయి కలిపి ఈస్ట్‌ను చంపేస్తారు కనుక మిగిలిపోయిన చక్కెర తియ్యగా ఉంటుంది, ఆల్కహాల్ 20 శాతం దగ్గరకు చేరుతుంది. అది వైన్‌లో ఒక రకం మాత్రమే. భోజనంతో తాగే వైన్‌లలో అధిక భాగంలో చక్కెర దాదాపుగా ఉండదు. వాటినే డ్రై అంటారు.

ఇక వగరు సంగతి. రెడ్ వైన్ తాగగానే నాలుక పక్కలూ చిగుళ్లూ బిగిసినట్టు ఉండటానికి కారణం టానిన్లు అనే వగరు పదార్థాలు అని చెబితే అతిథులు తలలూపేవారు కానీ, నేరేడు పండు తిన్నప్పుడు, లేత వక్క నమిలినప్పుడు, ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క పంటికింద పడినప్పుడు కలిగేదే ఇది అన్న తరువాతే వారి ముఖాల్లో వెలుగు కనిపించేది. ఆరు రుచులలో వగరును ఒక రుచిగా గుర్తించి, ఏడాదికి ఒకసారైనా కావాలని తినే మనకు టానిన్‌ను పరిచయం చేయాల్సిన పనే లేదు. టీ ఆకును ఎక్కువసేపు మరిగిస్తే డికాషన్ వగరెక్కినట్టే, నల్లద్రాక్ష తొక్కలూ గింజలూ రసంలో ఎక్కువ రోజులు నానితే రంగుతోపాటు వగరూ దిగుతుంది. తొక్కలను వెంటనే తీసేస్తే నల్లద్రాక్ష నుంచి కూడా తెల్లని వైన్ వస్తుంది. షాంపేన్‌లో వాడే పినో నువార్ నల్లద్రాక్షే. కాబట్టి దుకాణంలో ‘మంచి వైన్ ఇవ్వండి’ అనడానికి బదులు వగరు తక్కువగా, పులుపు ఎక్కువగా, తీపి లేకుండా కావాలని అడగగలిగితే, ఆ ఒక్క వాక్యం పది లేబుళ్లు చదవడం కంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఇక్కడే ఒక చిన్న పరీక్ష. పండు వాసన వస్తున్నందువల్ల వైన్ తియ్యగా ఉందని మీకు అనిపిస్తే, ముక్కు మూసుకుని మరో గుక్క తాగండి. తీపి నాలుకకు సంబంధించినది కనుక నిజంగా చక్కెర ఉంటే అప్పుడూ తెలుస్తుంది. వాసన తెచ్చిన భ్రమ అయితే మాయమవుతుంది.

అపోహ: ఖరీదైనదే రుచిగా ఉంటుంది, అందులోనూ విదేశీదైతే తిరుగులేదు.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్ల వైన్ వ్యాపారి, ఫ్రెంచి న్యాయనిర్ణేతలకు పేర్లు చూపకుండా ఫ్రాన్స్, కాలిఫోర్నియా వైన్‌లను రుచి చూపించగా, ఎరుపులోనూ తెలుపులోనూ మొదటి స్థానాలు కాలిఫోర్నియాకే దక్కాయి. 2008లో వెలువడిన ఒక అధ్యయనం ఆరువేలకు పైగా ఇలాంటి పేరు తెలియని రుచి పరీక్షలను పరిశీలించి, ప్రత్యేక శిక్షణ లేనివారు ఖరీదైన వైన్‌ను సగటున కాస్త తక్కువగానే ఇష్టపడుతున్నారని తేల్చింది. దీనికి తోడు మన దేశంలో దిగుమతి వైన్‌పై కేంద్రం చాలా ఏళ్లపాటు 150 శాతం సుంకం వేసింది, దాని మీద రాష్ట్రాల పన్నులు వేరే. ఫ్రాన్స్ అంగడిలో అతి మామూలుగా అమ్ముడుపోయే సీసా మన దగ్గర విలాస వస్తువు వేషం వేసుకోవడానికి కారణం రుచి కాదు, పన్ను.

అదే డబ్బుకు మహారాష్ట్రలోని నాసిక్, కర్ణాటకలోని నంది కొండల ప్రాంతాల వైన్ మెరుగైనది దొరుకుతుంది. మన దగ్గర మంచి ద్రాక్షే పండదన్న మాట కూడా సరైనది కాదు; హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తినడానికి అద్భుతం, అయితే పెద్ద కాయ, నీరు ఎక్కువ, చక్కెర తక్కువ కనుక మేలైన వైన్‌కు అంతగా పనికిరాదు. వైన్ ద్రాక్ష చిన్నగా, దళసరి తొక్కతో ఉంటుంది. మన వేడిలో తీగ నిద్రలోకి జారుకోదు కాబట్టి రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వర్షాకాలాన్ని తప్పించి, జనవరి నుంచి మార్చి మధ్య కోతకు వచ్చేలా చూస్తారు. తెల్లద్రాక్షలో షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్, నల్లద్రాక్షలో షిరాజ్ రకాలు ఇక్కడ బాగా కుదురుకున్నాయి.

అపోహ: మాంసానికి రెడ్, చేపకు వైట్.

ఈ సూత్రం పుట్టిన చోట కూరలో మన కారం లేదు. కారం మంటను ఆల్కహాల్ పెంచుతుంది, వగరు ఇంకా ఎగదోస్తుంది. అందుకే గుంటూరు కారంతో వండిన కోడి వేపుడు పక్కన 14.5 శాతం కబర్నే (వగరు బలంగా ఉండే రెడ్) పెడితే నోరు మండిపోతుంది, వైన్ చేదెక్కుతుంది. మాంసమైనా సరే, చల్లగా చేసిన, కొంచెం తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ గానీ, బుడగల వైన్ గానీ, రోజే గానీ అక్కడ హాయిగా ఉంటుంది. గోంగూర, చింతపండు పులుసుల సంగతి మరోలా ఉంటుంది: కూర పులుపు కన్నా వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది కనుక, పులుపు బాగా ఉన్న సావిన్యోన్ బ్లాంక్ తీసుకోవాలి. చేపల పులుసుకూ అంతే. దమ్ బిర్యానీకి వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ ఉన్న రెడ్ చల్లబరిచి పెట్టాను, ఎవరూ కాదనలేదు. ఆవకాయకు మాత్రం సరిజోడు నేనింతవరకు కనుక్కోలేకపోయాను. దానికి ముద్దపప్పూ నెయ్యే చాలు.

అపోహ: రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న మాటలోని గది యూరప్‌లోని చల్లటి రాతి ఇల్లు. అక్కడ ఉండేది 16 నుంచి 18 డిగ్రీలు. మన హాల్లో 32 డిగ్రీల దగ్గర ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది. వడ్డించే ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

మెలితిప్పే మూత ఉంటే చవకరకం అనుకోవడం కూడా తప్పే: బెరడు బిరడాలోని ఒక రసాయనం వల్ల వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన పట్టడాన్ని భరించలేక ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ రీస్లింగ్ తయారీదారులు 2000లో కలిసికట్టుగా ఈ మూతకు మారారు. గ్లాసు గోడ మీద జారే ధారలు ఆల్కహాల్ ఆవిరయ్యే తీరును చూపుతాయే తప్ప నాణ్యతను కాదు. సీసా అడుగున గుంట లోతు కూడా ఏమీ చెప్పదు.

అపోహ: తెరిచిన సీసా విస్కీలాగే నెలల తరబడి ఉంటుంది.

విస్కీలోని ఆల్కహాల్ దానిని కాపాడుతుంది. వైన్‌కు అంత బలం లేదు. గాలి తగిలిన క్షణం నుంచి మార్పు మొదలవుతుంది, కొన్ని గంటల మార్పు రెడ్‌కు మేలు చేసినా తరువాతది కీడే. మూత బిగించి, రెడ్ అయినా వైట్ అయినా ఫ్రిజ్‌లో నిలువుగా పెడితే మూడు నుంచి ఐదు రోజులు తాగేలా ఉంటుంది, బుడగల వైన్ అయితే మరుసటి రోజుకే నీరసిస్తుంది. మిగిలినదాన్ని చిన్న సీసాలోకి నిండుగా ఒంపితే గాలికి చోటు తగ్గి మరో రోజు కలిసొస్తుంది. వారం దాటి సిర్కా (వెనిగర్) వాసన మొదలైతే దాన్ని గ్లాసులో పోసుకోవద్దు; మటన్ నానబెట్టేటప్పుడు పెరుగుకు బదులు నాలుగు చెంచాలు వేసుకోండి.