జెండర్, శాంతి, భద్రత: ఈ పీజీ చదువు వెనకున్న చరిత్ర

జెండర్, శాంతి, భద్రత పేరుతో పీజీ కోర్సులు వచ్చింది ఇటీవలే అయినా, వాటిలో చర్చకు వచ్చే ప్రశ్నలు విశ్వవిద్యాలయాల్లో పుట్టినవి కావు. 1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, పరస్పరం తలపడుతున్న దేశాల మహిళలతో సహా వెయ్యిమందికి పైగా నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో సమావేశమై, యుద్ధాన్ని ఆపాలని, శాంతి ఒప్పందాలు కుదిర్చే చోట స్త్రీల గొంతు వినిపించాలని కోరారు.

యుద్ధంలో స్త్రీలు పడే హింసను చట్టం గుర్తించేలా దారి చూపింది మాత్రం 1994లో జాతి నిర్మూలనకు లోనైన ఆఫ్రికా దేశం రువాండా. అక్కడి టాబా ప్రాంత మేయర్‌గా పనిచేసిన అకాయేసుపై, ఆ మారణకాండ విచారణకు టాంజానియాలోని అరూషాలో ఏర్పాటైన అంతర్జాతీయ ట్రైబ్యునల్‌లో 1997 జనవరిలో విచారణ మొదలయ్యేనాటికి అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. ఒక సాక్షి తన ఆరేళ్ల కూతురిపై జరిగిన అఘాయిత్యాన్ని మాటల మధ్యలో బయటపెట్టగా, నవనీతం పిళ్లై ఏకైక మహిళా సభ్యురాలిగా ఉన్న ధర్మాసనం దాన్ని అంతటితో వదిలేయకుండా ప్రశ్నించింది. మహిళా సంఘాల ఒత్తిడీ తోడై జూన్‌లో అభియోగాలను సవరించారు. అత్యాచారం కూడా జాతి నిర్మూలనలో భాగం కాగలదని 1998 సెప్టెంబరు 2న తీర్పు వెలువడింది.

శాంతి ప్రయత్నాల్లో స్త్రీల భాగస్వామ్యాన్ని, యుద్ధాల్లో వారి రక్షణను కోరే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1325వ తీర్మానం నమీబియా అధ్యక్షతన 2000 అక్టోబరు 31న ఆమోదం పొందింది. దాని అమలుకు దేశాలు జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకోవడం మొదలుపెట్టాక, అవి తెలిసిన నిపుణుల అవసరం పెరిగింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో ప్రత్యేక కేంద్రాన్నే తెరిచి, ఆ తర్వాత మాస్టర్స్ కోర్సు ప్రవేశపెట్టింది. ఈ ఎదుగుదలపై స్త్రీవాదుల్లోనే అసంతృప్తి ఉంది: యుద్ధాన్నే ఆపమన్న హేగ్ డిమాండు, సైన్యంలో ఎందరు స్త్రీలున్నారన్న లెక్కగా కుదించుకుపోయిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. 2007లో ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణలో భాగంగా లైబీరియాకు పూర్తి మహిళా పోలీసు దళాన్ని పంపి ప్రశంసలందుకున్న భారత్‌కు సొంత కార్యాచరణ ప్రణాళిక లేకపోవడం ఈ సందర్భంలో గమనించదగ్గది.

మనకు ఈ చర్చ మరీ కొత్తదేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల అనుభవాలను హైదరాబాద్‌కు చెందిన స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం సేకరించి 1986లోనే తెలుగులో ప్రచురించింది. 1951లో పోరాటాన్ని విరమించాక తమను తిరిగి ఇళ్లకు, వంటింటి పనులకు పంపేశారన్న ఆవేదన వారి మాటల్లో వినిపిస్తుంది. ఆయుధం దించిన స్త్రీకి ఆ తర్వాత ఏ స్థానం దక్కుతుందన్న ప్రశ్నను, నేపాల్, కొలంబియా మాజీ గెరిల్లా మహిళల విషయంలో ఇప్పటి పరిశోధకులూ అడుగుతున్నారు.