మూరెడు పెరగ్గానే తల తుంచండి

మా మేనకోడలు శంకరపల్లి అవతల ఇల్లు కట్టుకుంది. ప్రహరీ నడుమెత్తే. దారిన పోయేవాళ్ల చూపు నేరుగా వంటింట్లోకి వస్తోందట. "మామయ్యా, గబగబా పెరిగే మొక్కేదైనా చెప్పు. ఆరు నెలల్లో అడ్డం వచ్చేయాలి" అని ఫోన్ చేసింది. గోరింట పెట్టుకో, మూరెడు పెరగ్గానే తల తుంచెయ్ అన్నాను. "పెరగాలని అడిగితే కొయ్యమంటావేంటి?" అని విసుక్కుంది. ఆ విసుగుకి జవాబే ఈ వ్యాసం. గుంత ఎంత లోతు, ఎరువు ఎంత అన్నవి నర్సరీలో ఎవరైనా చెబుతారు, నేను చెప్పను.

ఎత్తు పెరగడం వేరు, అడ్డం రావడం వేరు. కొమ్మ కొసన ఒక మొగ్గ ఉంటుంది. పూమొగ్గ కాదు, చిగురు మొగ్గ. కిందికి దిగితే ప్రతి కణుపు దగ్గరా, ఆకు కాడకీ కొమ్మకీ మధ్య చంకలో, ఇంకో మొగ్గ. అది చచ్చిపోలేదు, ఊరికే కూర్చుని ఉంది. విందులో పంక్తి ఊహించుకోండి. వడ్డన మొదలయ్యే చోట కొస మొగ్గ కూర్చుంది. గరిటె ఆయన దగ్గరే ఆగిపోతుంది. మిగతావాళ్ల ముందు విస్తళ్లు వేశారు, నీళ్లు పెట్టారు, అన్నం మాత్రం రాలేదు. దీన్నే బోటనీలో అగ్రాధిక్యత అంటారు. మాకు ఇంటర్లో అది రెండు మార్కుల ప్రశ్న. కాలేజీ గేటు పక్కనే కత్తిరించిన డురంటా మొక్కల కంచె ఉండేది. మా లెక్చరరుగారు ఒక్కనాడూ మమ్మల్ని దాని దగ్గరికి తీసుకెళ్లలేదు.

ప్రకాశం జిల్లా పొగాకు రైతుకైతే ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. బలమంతా ఆకుకి పట్టాలని పూత రాగానే తల తుంచుతాడు. కొద్ది రోజులకే ఆకుల చంకల్లోంచి పిలకలు బయల్దేరతాయి. వాటిని తీయడానికి మళ్లీ కూలీలు, మందులు. ఆయన నెత్తిన పడ్డ ఆ పిలకలే కంచె పెంచేవాడికి కావలసిన సరుకు. తులసి వెన్నులు తుంచే అమ్మమ్మలు చేసేదీ అదే. కొబ్బరికి మాత్రం మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. అక్కడ పంక్తిలో కూర్చున్నది ఒక్కరే.

మరి గరిటె ఎందుకు ఆగుతుంది? 1930ల్లో థిమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బాకలా చిక్కుడు మొక్కల తలలు తీసేసి, కోసిన చోట ఆక్సిన్ అనే హార్మోను పెట్టారు. తల లేకపోయినా కింది మొగ్గలు కదల్లేదు. అంటే తల పని ఆక్సిన్ చేసిపెట్టిందన్నమాట. చిత్రమేమిటంటే కాండంలో పైనుంచి దిగే ఆ ఆక్సిన్ మొగ్గల్లోకి వెళ్లి వాటిని అణచదు. మొగ్గని లేపే సైటోకైనిన్ తయారీని తగ్గిస్తుంది, పడుకోబెట్టే స్ట్రైగోలాక్టోన్లని పెంచుతుంది. ఈ స్ట్రైగోలాక్టోన్లని వేళ్లు మట్టిలోకి కూడా వదులుతాయి. పొగాకు వేళ్లని పట్టి పీల్చే పొగాకు మల్లె (పూల మల్లె కాదు, కలుపు) విత్తనాలు మొలకెత్తేది అలాంటి సంకేతాలు అందాకే. మొక్క తన ఇంట్లో వాడుకునే మాట దొంగ చెవిన పడుతోంది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు. కానీ ఆక్సిన్ నడక మహా నెమ్మది, గంటకి సుమారు ఒక సెంటీమీటరు. బఠాణీ మొక్క తల తీస్తే, అడుగుకి పైగా కింద ఉన్న మొగ్గ కొన్ని గంటల్లోనే కదులుతుంది. ఆక్సిన్ తగ్గిన కబురు అక్కడికి చేరాలంటే ఒక రోజు దాటాలి! ఈ లెక్క కుదరక ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ బెవరిడ్జ్ బృందం వెతికి, 2014లో జవాబు చెప్పింది: చక్కెర. ఆకులు వండిన చక్కెరని పెరిగే కొస మొగ్గ లాగేసుకుంటుంది. అది పోగానే మిగిలిన చక్కెర కింది మొగ్గలకి అందుతుంది. తల ఉంచి, ఆకు కాడలోంచి చక్కెర ఎక్కించినా మొగ్గలు కదిలాయి. నా పంక్తి నేననుకున్న దానికన్నా నిజమని తెలిసి ఆ రోజు భలే సంతోషపడ్డాను.

ఆ పంక్తిని ఇంకాస్త సాగదీస్తాను, కంచెలు చెడేది ఇక్కడే కాబట్టి. మొదటివాడు లేచాక గరిటె చివరిదాకా పోదు. రెండోవాడు, మూడోవాడు ఆపేస్తారు. అంటే కోసిన చోటికి కాస్త కింద ఉన్న రెండు మూడు మొగ్గలే బలంగా లేస్తాయి, మళ్లీ అవే పెత్తనం చేస్తాయి. ఆరడుగులు పెరిగాక కోద్దామని ఆగితే ఆరడుగుల మీద గుబురు వస్తుంది, కింద కర్రలు మిగులుతాయి. దారిన పోయేవాళ్లకి ఆకాశం కనబడదు గానీ వంటిల్లు కనిపిస్తుంది. అందుకే మొదటి కోత మూరెడు ఎత్తులో. తర్వాత ప్రతిసారీ కొత్తగా వచ్చిన పెరుగుదలలో సగం కోయాలి. ఆరడుగులకి చేరడం ఆలస్యమవుతుంది, కానీ ప్రతి జానెడుకీ కొమ్మలుంటాయి. ఆరు నెలలు సరిపోవు, రెండు వానాకాలాలు ఓపిక పట్టమన్నాను.

దగ్గర దగ్గరగా నాటితే తొందరగా చిక్కబడుతుందన్న మాట సగమే నిజం. ఆకు ఎరుపు కాంతిని, అంటే 660 నానోమీటర్ల దగ్గరిదాన్ని, తాగేస్తుంది. 730 దగ్గరి దూరపు ఎరుపుని వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఎరుపుకీ దూరపు ఎరుపుకీ నిష్పత్తి ఒకటి పైచిలుకు. దట్టమైన ఆకుల కింద 0.2కి కూడా పడిపోవచ్చు. ఫైటోక్రోమ్ అనే వర్ణకంతో మొక్క ఆ తేడా పసిగట్టి, పక్కన పోటీ ఉందని నిటారుగా సాగుతుంది, పక్క మొగ్గల్ని ఆపేస్తుంది. గోరింటకి అడుగు కంటే దగ్గర వద్దు. పక్కలు కత్తిరించేటప్పుడు కింద వెడల్పుగా, పైన సన్నంగా ఉంచాలి. పైభాగం గొడుగు పడితే కింది ఆకులకి ఎండ చాలక రాలిపోతాయి.

ఇంతకీ నర్సరీవాళ్లు మా మేనకోడలికి అంటగట్టబోయింది కోనోకార్పస్. వేగమంటే దానిదే. తెలంగాణలో 2022లో హరితహారం నాట్లలోంచి దాన్ని తప్పించారు, 2023లో గుజరాత్ నిషేధించింది. దాని వేళ్లు తేమ వెతుక్కుంటూ పైపుల పగుళ్లలో దూరతాయి, పుప్పొడి అలర్జీల గొడవా ఉంది. కానీ అది రాత్రిళ్లు ఆక్సిజన్ పీల్చి జనాన్ని చంపుతుందని ఫోన్లలో తిరిగే మాట మాత్రం ఒట్టిది. రాత్రిపూట వేపా, రావీ కూడా ఆక్సిజన్ తీసుకునేవే. మనం కూడా!

కోనిఫర్ల బాపతు అలంకార మొక్క థూజా కూడా వద్దన్నాను. ఆ జాతులు చాలావరకు ఆకులేని ముదురు కొయ్యనుంచి చిగురించవు. ఒకసారి లోపలిదాకా కోశామా, ఆ బొక్క అలాగే ఉంటుంది. ఇంగ్లండులో లేలాండ్ సైప్రస్ అనే ఇలాంటి చెట్టుతో కంచెలు వేసుకుని, అవి మేడలంత లేచి ఇరుగుపొరుగు తగువులాడుకుంటే, 2003లో రెండు మీటర్లు దాటిన కంచెల మీద ఫిర్యాదుకి చట్టమే తేవలసి వచ్చింది. గోరింటని మొదలంటా నరికినా లేస్తుంది. పశువులు తిరిగే చోటైతే అడ్డసరం, వావిలి మేలు. పశువులు వాటిని ముట్టవు.

గుమ్మం ముందు గోరింట ఉంటే దయ్యాలొస్తాయని పక్కింటావిడ భయపెట్టిందట. వస్తే రానీ, కిటికీలోంచి తొంగిచూసేవాళ్ల కన్నా నయం అన్నాను.

మొన్న ఆషాఢంలో మళ్లీ ఫోన్. "వీధిలో ఆడపిల్లలంతా వచ్చి గోరింటాకు కోసుకుపోయారు మామయ్యా, సగం కంచె పోయింది." పై చిగుళ్లు తుంచారా, కింది ఆకులు కూడా దూశారా అని అడిగాను. చూసొచ్చి చెబుతానంది.