నాకేటి బోదకాలుందేటి?

శ్రీకాకుళం తీరపు ఊళ్లలో బోదకాలు మాత్రల పంపిణీ చూసినవాళ్లకు ఈ తతంగం తెలుసు. ఆశా కార్యకర్త గుమ్మంలోకి రాగానే ముసలావిడ చెయ్యి చాపుతుంది. మాత్రలు అందుకుని కొంగు చివర ముడేసుకుంటుంది. ‘తర్వాత ఏసుకుంతాన్లే’ అంటుంది. గట్టిగా అడిగితే అసలు మాట బయటికొస్తుంది: ‘నాకేటి బోదకాలుందేటి? మా మీద పరీచ్చలు సేత్తన్నారేటి?’

తీసిపారేయాల్సిన ప్రశ్న కాదిది. ఈ జబ్బు తెచ్చే పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. అందుకే పరీక్షకు రాత్రివేళ వచ్చి వేలు గుచ్చుతారు. వాటిని దోమ ఇంకొకరికి మోస్తుంది. కాలు వాచనివాడి రక్తంలోనూ అవి ఉండొచ్చు. అందుకే ఊరంతటికీ మాత్ర.

మాత్ర వేసుకున్న రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. తెల్లారేసరికి ‘ఆ మందు పడటం లేదట’ అని వీధి వీధికీ పాకిపోతుంది. చాలాసార్లు జరిగేదేమిటంటే, పురుగు పిల్లలు గుంపుగా చచ్చినప్పుడు ఒళ్లు అలా తిరగబడుతుంది. అంటే ఆ మాత్ర అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లకే జ్వరం వస్తోందన్నమాట. ఇది ముందే చెప్పకుండా ‘ఏం కాదు, వేసుకో’ అనడం వల్లే అనుమానం ముదిరిందని నా నమ్మకం.

ఇక ఆ ముసలావిడ అడిగిన ‘పరీచ్చల’ సంగతి. ఈ మాత్ర డైఇథైల్ కార్బమజైన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడు ఆయన బృందం దీన్ని కనిపెట్టింది. పత్తి ఎలుకల మీద, కుక్కల మీద చేసిన పరీక్షల ఫలితాలు 1947లో అచ్చయ్యాయి. ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూసిందీ ఆ ఏడాదే అచ్చయింది. ఇప్పుడు కొత్త మందుకు అంత వేగం కుదరదు. ముందు కొద్దిమందికి, తర్వాత వందల మందికి, ఆపైన వేల మందికి ఇచ్చి చూడాలి. పదేళ్లు దాటిపోవచ్చు. మనుషుల దాకా వచ్చిన పది మందుల్లో దాదాపు తొమ్మిది మధ్యలోనే రాలిపోతాయి. మన దేశంలో మందుల పరీక్షలకు పెట్టిన 2019 నిబంధనల ప్రకారం సమ్మతి లేకుండా ఎవరి మీదా పరీక్షించకూడదు, హాని జరిగితే పరిహారం చెల్లించాలి.

పేరులో భీమవరం ఉన్న ఊరు మన శ్రీకాకుళం జిల్లాలోనూ ఉంది, మందుల కంపెనీలున్న పైడిభీమవరం. మందుల కంపెనీ అంటే ఇక్కడివాళ్లకు గుర్తొచ్చేది ముక్కు పగిలే వాసన, ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు. కనిపెట్టడం వేరు, తయారీ వేరు. అక్కడ ఎక్కువగా జరిగేది రెండోది. ఉద్దానంలో లెక్క ఇంకోలా ఉంటుంది. కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతూ ఎన్నోసార్లు రక్తం తీసుకెళ్లారు. మళ్లీ సూది పట్టుకొస్తే ‘ముందు పట్టికెళ్లినదాని సంగతేటి?’ అంటారు. న్యాయమైన మాటే. రక్తం ఇచ్చినవాళ్ల గుమ్మానికి ఫలితం తిరిగి రాకపోతే పరిశోధన వాళ్లకు దోపిడీలాగే కనిపిస్తుంది.

మొన్న ఒకావిడ ‘పరగడుపున మింగకూడదు కదేటి, గంజి తాగలేదు’ అని తప్పించుకోబోయింది. మాట నిజమే. ఆశా కార్యకర్త సంచి పక్కన పెట్టి అరుగు మీద కూలబడింది. ‘తాగియ్యి అత్తా, కూకుంతాను.’