ఆరు నెలల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్ల గురించి మన ఇళ్లలో ఒక లెక్క పాతుకుపోయింది. ఆరు నెలలు దాటకుండా ఒకసారి అమెరికాలో అడుగుపెట్టి వస్తే చాలు, కార్డుకు ఢోకా లేదు అని. పిన్ని చెప్తుంది, ట్రావెల్ ఏజెంట్ చెప్తాడు, వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఘంటాపథంగా చెప్తారు. మరి ఐదు నెలలకే తిరిగి వెళ్లినవాళ్లను కూడా ఎయిర్‌పోర్టులో పక్క గదికి తీసుకెళ్లి ఇన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నారు? ఇది 2025లో కొత్తగా మొదలైన గొడవేమీ కాదు, మూలాలు 130 ఏళ్లకు పైగా వెనక ఉన్నాయి.

చే చాన్ పింగ్ అనే చైనా కార్మికుడు 1875 నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండేవాడు. 1887లో స్వదేశానికి బయల్దేరినప్పుడు, తిరిగి రావచ్చు అని అమెరికా ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్ అతని చేతిలో ఉంది. తిరుగు ప్రయాణంలో ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే, 1888 అక్టోబర్ 1న స్కాట్ చట్టం వచ్చింది, అలాంటి సర్టిఫికెట్లన్నీ చెల్లవంది. దాదాపు 20,000 మంది కాగితాలు ఒక్క రోజులో చిత్తు కాగితాలైపోయాయి. వారం తర్వాత ఓడ రేవుకు చేరితే అతన్ని దిగనివ్వలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1889లో ఓడిపోయాడు. పరాయి దేశస్థుల్ని రానివ్వాలా వద్దా అనేది పూర్తిగా ప్రభుత్వం ఇష్టమే అని కోర్టు చెప్పిన ఆ మాట ఇప్పటికీ అమెరికా ఇమిగ్రేషన్ చట్టానికి పునాదిగా ఉంది.

1924లో దేశాలవారీ కోటాలు పెట్టినప్పుడు, అప్పటికే అక్కడ స్థిరపడి 'తాత్కాలికంగా' బయటికి వెళ్లి తిరిగొచ్చేవాళ్లను కోటా లెక్కలోంచి తప్పించారు. తిరిగి రావడానికి ముందే అనుమతి తీసుకునే రీ-ఎంట్రీ పర్మిట్ అనే కాగితం కూడా ఆ చట్టంతోనే వచ్చింది. 1952 చట్టం తాత్కాలికం అన్న షరతును అలాగే ఉంచింది, ఇవాళ్టికీ అదే నడుస్తోంది. కానీ ఎన్ని రోజులైతే తాత్కాలికం, ఎన్ని రోజులు దాటితే కాదు అన్నది చట్టం ఎక్కడా రాయలేదు. కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలన్నీ ఈ ఖాళీలోంచి పుట్టినవే.

1953లో కొన్ని వారాల తేడాతో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు చూడండి. క్వాంగ్ హై చ్యూ అనే నావికుడు అమెరికన్ ఓడ మీద నాలుగు నెలలు పనిచేసి తిరిగొస్తే అడ్డుకున్నారు. అతను ఇక్కడి నివాసే, విచారణ లేకుండా వెళ్లగొట్టడానికి లేదు అంది కోర్టు. తర్వాత ఇగ్నాట్స్ మెజీ కేసు. బఫెలో నగరంలో పాతికేళ్లు బతికిన మనిషి, 1948లో చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడ్డానికి రొమేనియా బయల్దేరాడు. ఆ దేశంలోకి రానివ్వలేదు, హంగరీలో 19 నెలలు ఇరుక్కుపోయాడు. 1950లో న్యూయార్క్ చేరితే భద్రతా కారణాలన్నారు, ఆ కారణాలేమిటో అతనికే చెప్పలేదు. న్యూయార్క్ రేవులో వలసదారులను ఉంచే ఎల్లిస్ ఐలాండ్‌లో ఉంచేశారు. ఇతర దేశాలూ తీసుకోలేదు. 5–4 తేడాతో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే నిలబడింది, పర్మిషన్ లేకుండా అంతకాలం బయట ఉన్నావు కాబట్టి నువ్వు కొత్తగా వచ్చినవాడితో సమానం అంది. చివరికి 1954లో పెరోల్ మీద, అంటే షరతులతో, బయటికి వదిలారు. తల్లిని చూడ్డానికి వెళ్లిన కొడుక్కి ఇలా జరిగిందని చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే మనవాళ్లు నెలల తరబడి ఇండియాలో ఉండిపోయే కారణాల్లో సగం ఇలాంటివే.

ఆ తర్వాత గాలి కొంచెం మారింది. 1963లో ఫ్లూటీ కేసులో, మెక్సికోకు కాసేపు వెళ్లొచ్చిన పర్మనెంట్ రెసిడెంట్‌ను కొత్తగా ప్రవేశిస్తున్నవాడిలా చూడకూడదు అన్నారు. 1982లో ప్లసెన్సియా కేసులో, తిరిగొచ్చే రెసిడెంట్‌కు న్యాయమైన విచారణ పొందే రాజ్యాంగ హక్కు ఉందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1988లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. ఫలానా మనిషి నివాసం వదులుకున్నాడని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదే, అదీ స్పష్టమైన, తిరుగులేని సాక్ష్యంతో. ఈ మాట మన పెద్దవాళ్లలో చాలామందికి తెలియదు. కౌంటర్ ముందు నిలబడి తప్పంతా తమదేనన్నట్టు బిక్కచచ్చిపోతారు.

ఇక ఆరు నెలల సంగతి. 1996లో వచ్చిన చట్టం, వరుసగా 180 రోజులు మించి బయట ఉన్న గ్రీన్ కార్డుదారును కొత్తగా ప్రవేశం కోరుతున్న వ్యక్తిగా చూడవచ్చు అంది. అలా చూస్తే తనిఖీ గట్టిగా ఉంటుంది, అంతేగానీ కార్డు పోయినట్టు కాదు. పౌరసత్వానికి అప్లై చేసేటప్పుడు ఆరు నెలలు దాటిన గైర్హాజరీ ఉంటే నివాసం తెగిందేమో అని అనుమానిస్తారు, కాదని మనం చూపించుకోవాలి. అది ఇంకో నియమం. ఏడాది సంగతి వేరు, అన్నాళ్లు బయట ఉంటే ఆ కార్డు ప్రయాణ పత్రంగా పనికిరాదు. రెండేళ్లు అనేది రీ-ఎంట్రీ పర్మిట్‌కు సాధారణంగా ఉండే గడువు. ఈ నాలుగు అంకెలూ నాలుగు వేర్వేరు పనుల కోసం పుట్టాయి. మన నోళ్లలో పడి అన్నీ కలిసిపోయి 'ఆరు నెలలకోసారి ముఖం చూపిస్తే చాలు'గా మారాయి.

ఆ సలహా ఎంత ప్రమాదమో 1975 నాటి కేన్ కేసు చూస్తే తెలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం జమైకాలోనే ఉండి, అక్కడ గదులు అద్దెకిచ్చే ఇల్లు నడుపుకుంటూ, హోదా పోకుండా అప్పుడప్పుడూ అమెరికా వచ్చివెళ్లిన మనిషి విషయంలో, ఇది నివాసం కాదు అని అప్పీళ్ల బోర్డు తేల్చేసింది. ఎందుకు వెళ్లారు, ఎప్పటికి తిరిగొస్తామనుకున్నారు, ఇల్లూ ఉద్యోగమూ కుటుంబమూ ఎక్కడున్నాయి, ఇవీ చూడాల్సినవి అంది. ఆఫీసర్లు ఇప్పటికీ వీటినే తిప్పి తిప్పి అడుగుతారు.

"ఇన్నాళ్లు ఎక్కడున్నారు? అమెరికాలో ఎవరితో ఉంటారు? తిరుగు టికెట్ ఉందా?" మనవైపు పెద్దాయన ఎవరైనా దీనికి మర్యాదగా, నిజాయతీగా ఏం చెప్తారో ఊహించండి: "మా ఇల్లు తెనాలిలో ఉందండి, మనవరాలిని చూడ్డానికి వస్తుంటాం, మళ్లీ సంక్రాంతికి వెళ్లిపోతాం." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆఫీసర్ చెవికి అది టూరిస్టు చెప్పే జవాబు. నిజంగా కొడుకు దగ్గరే స్థిరపడి, ఆపరేషన్ కోసమో పొలం రిజిస్ట్రేషన్ కోసమో వెళ్లొచ్చినవాళ్లు ఆ మాటే ముందు చెప్పాలి, ఆసుపత్రి కాగితాలో, రిజిస్ట్రేషన్ పత్రాలో చేతి బ్యాగులో ఉంచుకోవాలి. ఇంగ్లిష్‌లో తడబడుతూ అవునూ కాదూ అనేకంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగడం మేలు.

అసలు మనవాళ్లు ఇన్నాళ్లు ఇండియాలో ఎందుకు ఉండిపోతారంటే, పిల్లలు పౌరులై 21 ఏళ్లు దాటాక తల్లిదండ్రులకు స్పాన్సర్ చేస్తే ఆ కేటగిరీకి వార్షిక పరిమితి లేదు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కోసం భారతీయులు ఏళ్లూ పూళ్లూ క్యూలో ఉంటే, వీళ్లకు త్వరగా వచ్చేస్తుంది. వచ్చాక చూస్తే వైద్యం ఖర్చు భయం, 65 దాటినా మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవాలంటే ముందు ఐదేళ్లు వరుసగా అక్కడ నివాసం ఉండాలి. పెన్షన్ ఇక్కడ, చుట్టాలు ఇక్కడ, పళ్లకీ కళ్లకీ డాక్టర్ ఇక్కడే. అటు ఒక కాలు, ఇటు ఒక కాలు. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు ఇలాంటివాళ్లు ఎందరో ఇరుక్కుపోయారు, ఇండియా నుంచి మామూలు అంతర్జాతీయ సర్వీసులు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. తమ చేతిలో లేని కారణంతో ఏడాది దాటిపోయినవాళ్ల కోసం రిటర్నింగ్ రెసిడెంట్ వీసా ఉంది, కాన్సులేట్‌లో కారణాలు రుజువు చేసుకోవాలి.

గ్రీన్ కార్డు ఉన్నా భరోసా లేదన్న టెన్షన్ జనంలో గట్టిగా మొదలైంది 2017 జనవరిలో. ఏడు దేశాలవారిపై ప్రయాణ నిషేధం వచ్చిన మొదటి రోజుల్లో గ్రీన్ కార్డుదారులను కూడా ఎయిర్‌పోర్టుల్లో ఆపేశారు, కొద్ది రోజుల్లోనే వాళ్లకు వర్తించదని ప్రకటించాల్సి వచ్చింది. 2025 మార్చిలో వైస్ ప్రెసిడెంట్ జేడీ వాన్స్, గ్రీన్ కార్డు ఉన్నంత మాత్రాన అమెరికాలో నిరవధికంగా ఉండే హక్కు రాదని టీవీలో అన్నారు. ఆ రోజుల్లోనే, చలికాలం ఇండియాలో గడిపి తిరిగొచ్చిన పెద్దవయసు భారతీయులను ఐ-407 ఫారం మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారని ఇమిగ్రేషన్ లాయర్లు చెప్పసాగారు.

ఐ-407 అంటే నా నివాస హోదాను నా అంతట నేను వదులుకుంటున్నాను అని రాసిచ్చే కాగితం. అది స్వచ్ఛందం. పెట్టను అనొచ్చు. అప్పుడు ఆఫీసర్ తన అనుమానాన్ని ఇమిగ్రేషన్ జడ్జి ముందుకు పంపాలి, కార్డు తీసుకుంటే హోదాకు రుజువుగా తాత్కాలిక పత్రం ఇవ్వాలి, జడ్జి తుది నిర్ణయం వచ్చేదాకా ఆ మనిషి పర్మనెంట్ రెసిడెంటే. గంటల తరబడి కూర్చోబెట్టొచ్చు, నిర్బంధిస్తామని భయపెట్టొచ్చు, ఆ భయం ఉత్తిదని నేను చెప్పను. కానీ క్వాంగ్ హై చ్యూ, ప్లసెన్సియా లాంటివాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి తెచ్చుకున్న విచారణ హక్కు ఆ ఒక్క సంతకంతో మన చేతులారా పోతుంది. ఇరవై గంటల ప్రయాణం చేసి, నిద్రలేక, బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోయిన మనిషి చేత ఆ సంతకం పెట్టించడం నా దృష్టిలో అన్యాయం.

ఏడాదికి దగ్గరగా ఉండాల్సి వస్తుందని ముందే తెలిస్తే, అమెరికాలో ఉండగానే ఐ-131 ఫారంతో రీ-ఎంట్రీ పర్మిట్‌కు అప్లై చేయాలి, ఇండియా వచ్చాక కుదరదు. అది ఉన్నా ప్రశ్నలు రావని కాదు, తిరిగొచ్చే ఉద్దేశం ఉందనడానికి ఒక సాక్ష్యం అంతే. ట్యాక్స్ రెసిడెంట్‌గానే ఫైల్ చేయాలి, నాన్-రెసిడెంట్‌గా ఫైల్ చేస్తే దాన్నే మనకు వ్యతిరేకంగా చూపిస్తారు. ఇక ఇల్లూ మనసూ తెనాలిలోనే ఉన్నవాళ్లు, కొడుకు బాధపడతాడని ఏటా ఈ పరీక్షకు కూర్చోవాల్సిన పని లేదు. ఇంట్లో అందరూ తీరిగ్గా మాట్లాడుకుని, లాయర్‌ను అడిగి, ఐ-407ను ఇక్కడి నుంచే పంపి, తర్వాత విజిటర్ వీసాకు అప్లై చేసుకునే దారి కూడా ఉంది.