వంగ ఆకు తినే పురుగు వేరు, పేనుబంకను తినే పురుగు వేరు: అక్షింతల పురుగుల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన కార్తీక మాసంలో ఒక తల్లి నాకు ఫోన్ చేసి, "అక్కా, అలసంద మొక్కల నిండా నల్లగా, మొసలి పిల్లల మాదిరి పురుగులు పట్టినాయి, పిల్లోళ్లు ముట్టుకుంటారేమో అని మందు కొట్టించేసినాను, ఇప్పుడు మీరు చెప్పిన అక్షింతల పురుగులు యాడ దొరుకుతాయి?" అని అడిగారు. ఆమె మందు కొట్టించింది, మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే ఆ అక్షింతల పురుగుల (లేడీబర్డ్) పిల్లల మీదనే. అనంతపురంలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతూ, ఏటా వర్షాలు తగ్గాక వాళ్ల ఇళ్లలో ఈ పురుగులను పెంచే పని చేయిస్తున్న నాకు ఇటువంటి ఫోన్లు ప్రతి సంవత్సరమూ వస్తాయి. అందుకే అన్నిటికంటే ముందు ఈ అపోహ గురించి రాస్తున్నాను.

"అక్షింతల పురుగు పంటను తినేస్తుంది" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు కాబట్టే దానిని పోగొట్టడం కష్టమవుతోంది. వంగ తోటల్లో ఆకులోని పచ్చదనాన్ని గీకి తిని, ఈనెలను మాత్రం జల్లెడలా మిగిల్చే పురుగును కూడా మన రైతులు ఇదే పేరుతో పిలుస్తారు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే అయినా వాటి ఆహారం వేరు. వంగ మీద ఉండే పురుగు పెంకు మెరవదు, దానిపై సన్నని నూగు ఉంటుంది, 12 లేదా 28 నల్ల చుక్కలు ఉంటాయి. దాని పిల్ల పురుగు పసుపు రంగులో, కొమ్మలు చీలిన ముళ్లతో, ఆకును అంటుకుని మందకొడిగా కదులుతుంది. మన అలసంద, అనప, వేరుశనగ మొక్కల మీద ఎక్కువగా కనిపించే ఆరు మచ్చల అక్షింతల పురుగు పెంకు నున్నగా మెరుస్తూ, నారింజ రంగు మీద నల్లని వంకర గీతలతో ఉంటుంది. దాని పిల్ల పురుగు బూడిద నలుపు ఒంటి మీద తెలుపు, పసుపు మచ్చలతో, పొడవైన ఆరు కాళ్లతో చకచకా తిరుగుతూ పేనుబంకను వెతుక్కుంటుంది. పురుగు నిలబడిన చోట ఆకు గీకి ఉందా, లేక పేనుబంక గుంపు ఉందా అని ఒక్క నిమిషం చూస్తే చాలు, సందేహం తీరిపోతుంది.

మందు కొడితే కలిగే నష్టం కూడా చిన్నది కాదు. పేనుబంక ఆడపురుగు జత కలవకుండానే, గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లలను కంటుంది కాబట్టి మిగిలిన కొద్దిపాటి పేనుబంక నుంచే మళ్లీ కొమ్మ నిండుతుంది, అప్పటికి దానిని తినే పురుగు ఆ మొక్క మీద ఉండదు. మందారం మీద తెల్లగా పిండిలా పట్టి రసం పీల్చే పిండినల్లి విషయంలో ఈ పొరపాటు ఇంకా సులభంగా జరుగుతుంది. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన, ఈ పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లకు ఒళ్లంతా తెల్లని మైనపు పోగులుండి, అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. మెత్తని కుంచెతో తాకి చూడండి: చురుకుగా నడిచి పోయేది మిత్ర పురుగు, కదలీ కదలనట్టు ఉండేది పిండినల్లి. చీనీ తోటలున్న మన జిల్లాలో చెప్పుకోదగిన మరో సంగతి ఏమిటంటే, 1888లో ఆస్ట్రేలియా నుంచే కాలిఫోర్నియాకు తీసుకువెళ్లిన ఒక అక్షింతల పురుగు అక్కడి చీనీ, నిమ్మ జాతి తోటలను పొలుసు పురుగు బారి నుంచి కాపాడింది.

"ఆకులు, చక్కెర నీళ్లు పెడితే పెరుగుతాయి" అన్నది పిల్లలను ఎక్కువగా ఏడిపించే అపోహ. మొదటి సంవత్సరం నేను 12 పిల్ల పురుగులను ఒకే సీసాలో ఉంచి, పేనుబంక కొమ్మ మార్చకుండా ఆదివారం ఊరికి వెళ్లి వచ్చేసరికి మూడే మిగిలాయి. ఆకలి వేస్తే అవి ఒకదానినొకటి తింటాయి. మా అమ్మాయి ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని ఏడ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుచేత సీసాకు ఒకటి రెండు పురుగులే ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ప్రతిరోజూ పేనుబంక ఉన్న తాజా కొమ్మ పెట్టాలి. ముందుగానే రెండు కుండీల్లో అలసందలు చల్లుకుంటే ఆహారానికి కొరత ఉండదు. జిల్లేడు మీద కూడా పసుపు పేనుబంక ఉంటుంది గానీ, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం కాబట్టి పిల్లల చేత దానిని తెంపించవద్దు.

"తోక అంటించుకుని కదలకుండా ఉంది, చచ్చిపోయింది" అని పారవేయకండి. అది కుబుసం విడుస్తూ ఉండవచ్చు, లేదా పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే కోశస్థ దశలో (ప్యూపా) ఉండవచ్చు. కోశస్థ దశ అయితే మన వాతావరణంలో మూడు నాలుగు రోజుల్లో పెంకు చీల్చుకుని, మచ్చ ఒక్కటీ లేని లేత పసుపు పురుగు బయటికి వస్తుంది, గంటలు గడిచే కొద్దీ దాని మీద నల్లని గీతలు తేలుతాయి. ఆ గీతలకూ మచ్చలకూ దాని వయసుతో సంబంధం లేదు.

విషం గురించి భయపడే తల్లులను నేను ఎన్నడూ తప్పుపట్టను. గొంగళి పురుగు నూగు తగిలి దద్దుర్లు లేచిన అనుభవం, కంది పూత మీద వాలే ఎరుపు నలుపు పట్టీల పొడవాటి పెంకు పురుగు వల్ల బొబ్బలెక్కిన అనుభవం మన పల్లెల్లో చాలామందికి ఉన్నాయి. అక్షింతల పురుగు అటువంటిది కాదు. గట్టిగా పట్టుకుంటే కాళ్ల కీళ్ల నుంచి కారే పసుపు ద్రవం దాని రక్తమే. అది చేదుగా, ఘాటైన వాసనతో ఉంటుంది, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. చిన్నపిల్లలు దానిని నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూసుకోవాలి.

పెరిగిన పురుగులను సాయంత్రం చల్లబడ్డాక, పేనుబంక ఉన్న మొక్క మీదనే వదలండి. పేనుబంక నుంచి కారే తీపి కోసం దానికి కాపలా కాసే చీమలు ఈ పురుగులను తరిమేస్తాయి కాబట్టి, కుండీని నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచితే మేలు. మందు కొట్టించిన ఆ తల్లి చేత నేను రెండు డబ్బాల్లో మళ్లీ అలసందలు వేయించాను. నెల తిరగకముందే వాళ్ల చిన్నది ఒక ఆకు తిప్పి, నిలువుగా గుచ్చినట్టు గుంపుగా ఉన్న పసుపు గుడ్లను నాకు వీడియో కాల్‌లో చూపించి, ఈసారి అమ్మను ఆ డబ్బాల దగ్గరికి రానివ్వనని చెప్పింది.