తడి చెత్త, కామన్ మీటర్, వాన నీళ్లు: కాలనీ పనులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు, కాలనీలకు తడి చెత్తను ఎరువుగా మార్చుకునే ఏర్పాట్లు చేసిపెట్టడం నా పని. దాంతోపాటు సోలార్, ఇంకుడు గుంతల సంగతులూ మీద పడుతుంటాయి. ఏ కమిటీ మీటింగ్‌కు వెళ్లినా వినపడే మాటలు దాదాపు అవే. కొన్ని సగం నిజాలు, కొన్ని సరుకు అమ్ముకునేవాళ్లు పుట్టించినవి.

అపోహ: "కార్బన్ గోలంతా ఫ్యాక్టరీలది, థర్మల్ ప్లాంట్లది. మా కాలనీ ఏం చేస్తే ఏమవుతుంది?"

థర్మల్ ప్లాంటు బొగ్గు కాల్చేది మన మోటార్లు, లిఫ్టులు, ఏసీలు తిరగడానికి కూడా. హైదరాబాద్ కుళాయి నీళ్లే చూడండి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. రెండూ వంద కిలోమీటర్లకు పైగా దూరం. దారి పొడవునా పంపులతో ఎత్తిపోస్తే తప్ప ఇంత ఎత్తున్న నగరానికి చేరవు. అంటే సంపు పొంగి రోడ్డు మీదికి పారుతుంటే నీళ్లతో పాటు కరెంటు కూడా పారబోస్తున్నట్టే.

ఒక్క ఇల్లు తెచ్చే మార్పు చిన్నదే, ఒప్పుకుంటాను. చెత్త, కామన్ మీటర్ (లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్ల ఉమ్మడి కరెంటు), నీళ్లు మాత్రం కాలనీ మొత్తం ఉమ్మడిగా తీసుకునే నిర్ణయాలు. ఒక్క మీటింగ్‌లో వందిళ్ల లెక్క మారుతుంది. వెదురు టూత్‌బ్రష్షుల మీద అరగంట చర్చ జరిగే మీటింగులు చూశాను. ఆ అరగంట మోటారు ఆటోమేటిక్ స్విచ్ మీద పెడితే ఎక్కువ ఫలితం.

అపోహ: "తడి చెత్త ఎక్కడ పడేసినా మట్టిలో కలిసేదేగా!"

పెరట్లో పలచగా పడితే కలుస్తుంది. డంపింగ్ యార్డులో అడుగుల కొద్దీ ఎత్తున పేరుకున్న గుట్టలో లోపలికి గాలి చేరదు. అక్కడ కుళ్లితే పుట్టేది మీథేన్. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. కిందికి కారే మురుగు భూగర్భ జలాల్లోకి దిగుతుంది. దాని సంగతి మన కంటే హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్లకు బాగా తెలుసు.

అదే మీథేన్‌ను మూసిన ట్యాంకులో పుట్టించి పట్టుకుంటే ఇంధనం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ (హైదరాబాద్‌లోని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ) టెక్నాలజీతో పెట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల వరకు కరెంటు, క్యాంటీన్ వంటకు 30 కిలోల దాకా గ్యాస్ ఇచ్చేలా కట్టింది. మార్కెట్‌కు అది సరిపోతుంది. అపార్ట్‌మెంట్‌కు గాలి ఆడే ఎరువు తొట్టే మేలు. కట్టడం తేలిక, నడపడం తేలిక.

అపోహ: "ఎరువు తొట్టి పెడితే కంపు, పురుగులు, ఎలుకలు."

కంపు కొట్టే తొట్టెలు ఉన్నాయి. అక్కడ తడి ఎక్కువైంది, గాలి ఆడట్లేదు అని అర్థం. మందు ఎండుటాకులే. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. కార్బన్ నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉంటే సూక్ష్మజీవులు హాయిగా పని చేస్తాయి. ఈ లెక్క ఎవరూ కూర్చుని కట్టక్కర్లేదు. బకెట్ తడి చెత్తకు బకెట్ నుంచి బకెట్నర ఎండుటాకులు, పైన కాస్త పాత ఎరువు గానీ పుల్లటి మజ్జిగ గానీ. వారానికోసారి పారతో తిరగేయాలి.

తడి చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఆకులు కలపాలి. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. వేడి చూడటానికి ఇనుప చువ్వ గుచ్చి ఐదు నిమిషాలాగి తీయండి. నాలుగో రోజుకల్లా పట్టుకోలేనంత కాలాలి. లోపల 55 డిగ్రీలు దాటిందంటే కలుపు విత్తనాలు, రోగ క్రిములు చాలావరకు చస్తాయి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి చాలట్లేదు. ముక్కు ఘాటెక్కితే ఆకులు చాలట్లేదు.

పురుగుల గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరుగుతాయి. బూడిద రంగులో, చదునుగా, చిటికెన వేలి గోరంత ఉండేవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. అవి కుట్టవు, రోగాలు తేవు, చెత్తను గబగబా తినేస్తాయి. చూడలేకపోతే పైన జానెడు మందాన ఆకులు కప్పండి. ఎలుకలు వచ్చేది మాత్రం నిజమే. ఎముకలు, చేప ముళ్లు పైపైన వేసి వదిలేస్తే తప్పకుండా వస్తాయి. వాటిని మధ్యలో పాతిపెట్టాలి, తొట్టికి మెష్ ఉండాలి.

మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, తాటికాయ పెంకులు ఎరువు తయారయ్యే రెండు నెలల్లో కుళ్లవు. వేసవిలో వాటికి వేరే గోనె సంచి పెట్టండి. వినాయక చవితి పత్రి, అరటి పిలకలు కత్తిరించి వేస్తే బ్రహ్మాండంగా పనికొస్తాయి. దారాలు, థర్మకోల్ ముందే తీసేయాలి.

అపోహ: "24 గంటల్లో ఎరువు చేసే మిషన్ ఉందట."

ఆ మిషన్లలో చాలావరకు చేసేది చెత్తను వేడి చేసి, ఎండబెట్టి, పొడి చేయడం. బయటికొచ్చేది ఎండిన ఆహారం, ఎరువు కాదు. మొక్క మొదట్లో వేసి నీళ్లు పోస్తే మళ్లీ కుళ్లడం మొదలవుతుంది, బూజు పడుతుంది. పైగా రోజంతా కరెంటు తాగుతుంది. కార్బన్ తగ్గిద్దామని కొన్న మిషన్ కామన్ మీటర్‌ను పరుగెత్తిస్తుంటే ఏం లాభం? స్థలం బొత్తిగా లేనిచోట తప్ప నేను వద్దనే చెబుతాను. అమ్మేవాళ్లు వస్తే ఒకటే అడగండి: "మీరు ఇచ్చిన పొడిని తడిపి వారం రోజులు మూతపెట్టి చూపిస్తారా?"

అపోహ: "మన జనం చెత్త వేరు చేయరండీ. చేసినా బండివాడు కలిపేస్తాడు."

2016 ఘన వ్యర్థాల నియమాలే 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలన్నాయి. తడి చెత్త గేటు దాటకపోతే కలపడానికి బండిలో ఏముంటుంది?

వేరు చేయకపోవడం మాట కొస్తే, మీటింగుకు వచ్చేది యజమానులు, చెత్త తీసేది పనమ్మాయిలు. ఒక అపార్ట్‌మెంట్‌లో నెల రోజులు సర్క్యులర్లు పంపినా ఫలితం లేకపోతే ఓ పొద్దున లిఫ్టు దగ్గర నిలబడి అడిగాను. "ఏ డబ్బాలో ఏది వేయాలో మాకెవరు చెప్పారు సార్?" అంది ఒకావిడ. ఆ వారమే వాళ్లను, వాచ్‌మన్ కుటుంబాన్ని కూర్చోబెట్టి డబ్బాలు చూపించాం. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పాత పేపర్‌లో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలన్నది యజమానులకు గట్టిగా చెప్పాం. చెత్త తిరగేసే మనిషికి చేతి తొడుగులతో పాటు జీతంలో అదనంగా కొంత ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోకపోతే నేను ఆ పని మొదలుపెట్టను.

"కంపోస్టబుల్" అని రాసిన కవర్లు తొట్టిలో వేయకండి. వాటిని పెద్ద ప్లాంట్లలోని వేడికి, పరిస్థితులకు కుళ్లేలా పరీక్షిస్తారు. మన తొట్టిలో నెలల తర్వాత కూడా పీలికలుగా దొరుకుతాయి.

అపోహ: "ఎండుటాకులే కదా, కాల్చేస్తే పోలా?"

బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే చెప్పింది. అది అలా ఉంచండి. ఫిబ్రవరి, మార్చిల్లో కాల్చేసిన ఆకుల కోసమే జులై వానల్లో తొట్టిలో కలపడానికి కమిటీలు కొబ్బరి పొట్టు కొంటాయి. గోనె సంచుల్లో కుక్కి సెల్లార్ మూల దాచుకోండి.

అపోహ: "సోలార్ పెడితే కరెంటు పోయినా లిఫ్టు ఆడుతుంది."

ఆడదు. గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్ సరఫరా ఆగగానే తనూ ఆగిపోతుంది. లేదంటే స్తంభం మీద మరమ్మతు చేసే లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది. బ్యాటరీ కావాలంటే ఖర్చు వేరే.

అయినా పెట్టుకోవాల్సిందే అంటాను. ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. 10 కిలోవాట్లంటే ఏడాదికి 14,000 యూనిట్ల పైచిలుకు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన పది టన్నులు తగ్గినట్టు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. దేశంలో తయారైన ప్యానెళ్లకే అది వర్తిస్తుంది, కొటేషన్‌లో చూసుకోండి. ప్యానెళ్ల కంటే ముందు కారిడార్లలో ఎల్‌ఈడీ బల్బులు, టైమర్లు పెట్టండి. అప్పుడు చిన్న ప్లాంటుతోనే సరిపెట్టుకోవచ్చు.

అపోహ: "ఇంకుడు గుంత తవ్వాం, అయిపోయింది."

వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 800 మిల్లీమీటర్ల వాన పడితే 8 లక్షల లీటర్లు. ఏటా మే నెలలో గుంతలోని ఒండ్రు తీసి, ఇసుక మార్చకపోతే అందులోకి నీళ్లు ఇంకవు. డాబా నీళ్లు ముందు వడకట్టి సంపులోకి పంపండి, మిగిలితేనే గుంతలోకి. అప్పుడు డీజిల్ ట్యాంకర్లూ తగ్గుతాయి.

అపోహ: "ఎరువు అమ్మి మెయింటెనెన్స్ తగ్గించుకోవచ్చు."

వందిళ్ల నుంచి రోజుకు 60 కిలోల తడి చెత్త వస్తే జల్లెడ పట్టాక మిగిలే ఎరువు పది, పన్నెండు కిలోలు. అమ్మితే చెత్త తిరగేసే మనిషి జీతం కూడా రాదు. ఎరువు తొట్టిని మెయింటెనెన్స్ ఖర్చుగానే రాసుకోండి, లిఫ్టు సర్వీసింగ్ రాసుకున్నట్టు. ఎరువు కాలనీ పార్కుకు వేసి, మిగిలింది కుండీలున్నవాళ్లకు పంచండి. ఎర్రమట్టిలో మూడోవంతు కలిపితే చాలు, ఒట్టి ఎరువులో మొక్క పెట్టకండి.