ఏజెన్సీ బడుల గురించి అపోహలు - వాస్తవాలు

నేను పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఏజెన్సీలో, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతంలో, ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. ఏకోపాధ్యాయ పాఠశాలలో చాలాకాలం చేశాను. ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) పని కూడా చూస్తున్నాను. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి కొన్నేళ్ళయినా (2022 ఏప్రిల్) మా బడుల గురించి మైదానంలో వినిపించే మాటలు మాత్రం మారలేదు. చదువుకున్నవాళ్ళు, మంచి మనసున్నవాళ్ళు కూడా అవే అంటుంటారు. వాటిలో కొన్నిటికి నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను. అన్నిటి వెనకా ఒకటే పొరపాటు కనిపిస్తుంది నాకు. ఇక్కడి బడిని పిల్లల సంఖ్యతోనే కొలుస్తున్నారు, ఊరికీ ఊరికీ మధ్య ఉన్న దూరాన్ని ఎవరూ లెక్కలో వేయడం లేదు.

అపోహ: పిల్లలు తక్కువగా ఉన్నారు కాబట్టి ఆ బడికి డబ్బు కూడా తక్కువే చాలు.

సమగ్ర శిక్ష (బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకం) కింద బడి నిర్వహణకు ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే 10,000 రూపాయలు, 100 లోపు ఉంటే 25,000, 250 లోపు ఉంటే 50,000, వెయ్యి లోపు ఉంటే 75,000. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి.

22 మంది ఉన్న బడిని, 300 మంది ఉన్న బడిని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానికి పిల్లవాడికి దాదాపు 450 రూపాయలు, రెండోదానికి 250. కాగితం మీద చిన్న బడే ఎక్కువ తింటున్నట్టు ఉంటుంది. కానీ బోరు మోటారు కాలిపోతే రిపేరు ఖర్చు 22 మందికీ 300 మందికీ ఒకటే. పైగా ఆ మెకానిక్‌ను కొండ మీదికి తీసుకురావడానికి జీపు కిరాయి అదనం. రేకుల కప్పు గాలికి లేచిపోతే రేకుల ధర ఒకటే, మోసుకొచ్చే కూలీ వేరే. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, బ్లాక్‌బోర్డు రంగు ఎలాగూ తప్పవు. నెలకు వెయ్యి రూపాయలు కూడా పడని గ్రాంటులో ఇవన్నీ ఇమడాలి.

మధ్యాహ్న భోజనం సంగతి ఇంకా సూటిగా అర్థమవుతుంది. బియ్యం, గుడ్లు, చిక్కీలు విడిగా వస్తాయి. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు కోసం కేంద్రం ఖరారు చేసిన రేటు ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు (2025 మే నుంచి). 22 మంది వస్తే ఆ లెక్కన 149 రూపాయలు. వాన పడి 14 మందే వస్తే 95 రూపాయలు. వంటమ్మ ఆ 95తోనే పప్పు వండాలి, కూర వండాలి. సంత వారానికి ఒకసారే కాబట్టి కూరగాయలు ముందే కొని పెట్టి ఉంటుంది. ఎంతమంది వస్తారో ఆ రోజు ఆమెకు తెలియదు. హాజరు తగ్గితే కూర పలుచబడుతుంది. కూర పలుచబడిందని తెలిసిన పిల్లలు మరుసటి రోజు ఇంటి దగ్గరే తినేస్తారు.

అపోహ: ఇరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లా? ఒక్కరు చాలరా?

ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా సబ్జెక్టులు లెక్కపెట్టండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి. మొత్తం 18. పిల్లలు ఇరవై మందైనా అరవై మందైనా ఈ 18 మారవు. ఐదు తరగతులకూ ఒకే గది, ఒకే టీచరు.

విద్యాహక్కు చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది: 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలి. అయినా 2024-25 యూడైస్ ప్లస్ (కేంద్రం ఏటా సేకరించే బడుల వివరాలు) లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 ఏకోపాధ్యాయ బడులున్నాయి. రాష్ట్రాల్లో అత్యధికం మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912.

ఆ ఒక్క టీచరుకు జ్వరం వస్తే ఆ రోజు బడి లేదు. కాంప్లెక్స్ మీటింగ్, ట్రైనింగ్, ఎన్నికల డ్యూటీ ఏదొచ్చినా అంతే. హాజరు యాప్‌లో ఫొటోలు పెట్టాలంటే సిగ్నల్ దొరికే మిట్ట మీదికి ఎక్కాల్సిన ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అంతసేపూ పిల్లల దగ్గర ఎవరుంటారు? ఇద్దరున్న బడిలో ఈ ప్రశ్నే రాదు.

అపోహ: జిల్లాలో ఖాళీలు కొద్ది శాతమే, పెద్ద సమస్యేం కాదు.

మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని చట్టం చెబుతుంది. అది ఒక్కో బడికి వర్తించే మాట. రెండు పోస్టుల బడిలో ఒకటి ఖాళీ అయితే అక్కడ ఖాళీ 50 శాతం. జిల్లా మొత్తం కలిపి సగటు తీస్తే ఆ బడి కనబడకుండా పోతుంది. జీతం ఇక్కడ తీసుకుంటూ డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేసే పోస్టు అయితే ఖాళీల లెక్కలోకే రాదు.

అపోహ: ఏజెన్సీకి టీచర్లు రారు, వచ్చినా ఉండరు.

ఎవరు రారు అన్నది ముందు చూడాలి. బయటి నుంచి వచ్చిన టీచర్లు సరిగా బడికి రాకపోవడం ఏజెన్సీలో చాలా పాత సమస్య. దానికి పరిష్కారంగానే ఉమ్మడి రాష్ట్రంలో 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని ఆ జీవో చెప్పింది. దాని వల్ల కొండ ఊళ్ళ నుంచి టీచర్లు వచ్చారు. వాళ్ళు అక్కడే కాపురం ఉన్నారు, పిల్లలతో వాళ్ళ భాషలో మాట్లాడారు, వానాకాలంలో గెడ్డ (కొండవాగు) ఎక్కడ దాటాలో వాళ్ళకు తెలుసు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధం కాదని తీర్పు. అప్పటికే ఉన్న నియామకాలను మాత్రం షరతులతో కాపాడింది. తీర్పు తెలంగాణ ఏజెన్సీకీ వర్తిస్తుంది.

తీర్పు మీద నా అభిప్రాయం పక్కన పెడతాను. ఆ జీవో తీర్చిన అవసరం మాత్రం ఇంకా అలాగే ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, సంతోషం. గిరిజన సంఘాలు ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ ఎందుకు అడుగుతున్నాయో అర్థం కావాలంటే ఈ చరిత్ర తెలియాలి. బయటి నుంచి వచ్చే టీచరు ఉండాలంటే క్వార్టరు కావాలి, అద్దెకు ఇల్లు దొరకని ఊళ్ళు ఇవి. రోజూ మండల కేంద్రం నుంచి వచ్చిపొమ్మంటే జీపు ఎన్నింటికి వస్తే బడి అన్నింటికే తెరుస్తారు.

అపోహ: గిరిజన తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదు, అందుకే హాజరు తక్కువ.

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇది.

జూన్‌లో ఏ ఆశ్రమ పాఠశాల (గిరిజన పిల్లల హాస్టల్ బడి) దగ్గరికైనా, గురుకులం దగ్గరికైనా వెళ్ళి చూడండి. పిల్లల్ని వెంటబెట్టుకుని, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన తల్లిదండ్రులు కనబడతారు. సీటు ఇప్పించమని బతిమాలతారు. ఆసక్తి లేనివాళ్ళు చేసే పని కాదది. చాలా ఆశ్రమ పాఠశాలలు మూడో తరగతి నుంచి పిల్లల్ని తీసుకుంటాయి. కాబట్టి చదువు కావాలనుకున్న ఇంటివాళ్ళు మూడో తరగతికి పిల్లల్ని పంపేస్తారు. ఊరి బడిలో సంఖ్య పడిపోతుంది. సంఖ్య పడిందని రెండో పోస్టు పోతుంది. రెండో పోస్టు పోయిందని మిగిలినవాళ్ళూ వెళ్ళిపోతారు. చివరికి ఆ ఊళ్ళో చదువుకునేవాళ్ళే లేరని రిపోర్టు రాస్తారు.

మరి హాజరు ఎందుకు తగ్గుతుంది? నెలలవారీగా రిజిస్టర్ చూసిన ఎవరికైనా తెలుస్తుంది. జూలై, ఆగస్టుల్లో గెడ్డలు పొంగుతాయి, జ్వరాలు వస్తాయి. ఇంట్లో తల్లి మంచం పడితే పెద్దపిల్ల బడి మానేసి చంటిపిల్లను చూసుకుంటుంది. నవంబరు నుంచి కాఫీ పళ్ళు ఏరే పని, తల్లిదండ్రులు పొద్దున్నే తోటకు వెళితే పిల్లలూ వెళ్తారు. సంత రోజు సగం బడి ఖాళీ. చైత్రంలో ఇటుకల పండుగకు ఊరు ఊరంతా పండుగలోనే ఉంటుంది. వీటిలో సంత, పండుగ ముందే తెలిసినవి. స్థానిక సెలవులు వాటికి తగ్గట్టు సర్దుకుంటే ఆ రోజుల హాజరు సమస్య ఉండదు. కానీ క్యాలెండర్ రాష్ట్రమంతటికీ ఒకటే వస్తుంది.

ఇంకో కారణం రిజిస్టర్లో కనబడదు. రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన పిల్లలకు బడి తాళం వేసి కనిపిస్తే ఆ రోజుతో ఆగదు. మర్నాడు టీచరు వచ్చినా పిల్లలు రారు. ఒక తండ్రి నాతో అన్నాడు: "మాస్టారూ, మీరు వస్తారని ముందు తెలిస్తే మేం పంపమా?"

భాష సంగతీ చెప్పాలి. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, కొండ భాష మాట్లాడే ఆరేళ్ళ పిల్లవాడు తెలుగు వాచకం, ఇంగ్లిష్ వాచకం ముందు కూర్చుంటాడు. టీచరు ఏమంటున్నాడో కొన్ని నెలలు అర్థం కాదు. అర్థం కానిచోట రోజంతా కూర్చోవడం పెద్దవాళ్ళకే కష్టం. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. మాతృభాషా వలంటీర్లు ఉన్న బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలు నిలబడటం నేను కళ్ళారా చూశాను. ఆ వలంటీర్ల గౌరవ వేతనమే చాలా చిన్నది. అదైనా ఏటేటా కొనసాగుతుందో లేదో తెలియక వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు. ఏజెన్సీ విద్యలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదేనని నా నమ్మకం.

అపోహ: తల్లి ఖాతాలో డబ్బు పడితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే బడికి వస్తారు.

సాయం జరుగుతుంది, కాదనను. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద పిల్లవాడికి 15,000, అందులో 2,000 నిర్వహణకు పోగా 13,000 చేతికి రావడం కొండ మీది ఇంటికి చిన్న విషయం కాదు. కానీ ఇందులో 75 శాతం హాజరు నిబంధన ఉంది. 200 పనిదినాల్లో 50 రోజులు రాకపోయినా సరిపోతుంది. నెలన్నర జ్వరాలూ నెల కాఫీ పనీ కలిస్తే, నిజంగా అవసరమున్న పిల్లవాడు ఆ గీత కిందికి జారిపోతాడు. అంతకన్నా పెద్ద చిక్కు జనన ధ్రువపత్రం. ఇంటి దగ్గర కాన్పు జరిగి, పుట్టుక నమోదు కాని పిల్లలకు ఆధార్ రాదు. ఆధార్ లేకపోతే పథకం రాదు. గ్రామ సచివాలయం వాళ్ళు, ఏఎన్ఎం, టీచరు ముగ్గురూ ఒకే రోజు ఊరికి వచ్చి కూర్చుంటే చాలామందికి పరిష్కారమవుతుంది.

అపోహ: చిన్న బడులు కలిపేసి పెద్ద బడి పెడితే అన్నీ తీరతాయి.

మైదానంలో తీరవచ్చు. ఇక్కడ మ్యాపు మీద కిలోమీటరు ఉన్నచోట మధ్యలో గెడ్డ ఉంటుంది. రవాణా భత్యం ఏడాదికి 6,000 దాకా ఇవ్వవచ్చని సమగ్ర శిక్షలో ఉంది. ఆటో తిరిగే దారి లేని ఊరికి ఆ భత్యం దేనికి పనికొస్తుంది?

అపోహ: ఆశ్రమ పాఠశాలలూ ఏకలవ్యలూ (కేంద్రం నిధులిచ్చే గిరిజన గురుకులాలు) ఉన్నాయిగా, ఊరి బడి ఎందుకు?

ఆరేళ్ళ పిల్లను హాస్టల్లో పెట్టమని మనం మన పిల్లల విషయంలో అనం. ఖర్చు చూసినా, ఏకలవ్య పాఠశాలలో ఒక్కో విద్యార్థికి అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి లక్ష రూపాయల పైనే లెక్క ఉంది. ఆశ్రమ పాఠశాలలో ఐదు నుంచి పది తరగతుల పిల్లలకు 2023లో పెంచిన మెస్ చార్జీ (తిండి ఖర్చు ఒక్కటే) నెలకు 1,400, అంటే రోజుకు 47 రూపాయలు కూడా లేవు. గిరిజన పిల్లలే కదా, రెండూ ఒకే కొండల్లోనే ఉన్నాయి.

ఊరి పేరెంట్స్ కమిటీల్లో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని రిజిస్టర్ అడిగి చూసే హక్కు మీకుంది. కమిటీ సమావేశం మినిట్స్ పుస్తకంలో "రెండో టీచర్ పోస్టు ఫలానా నెల నుంచి ఖాళీ" అని రాయించి, సంతకాలు పెట్టి, ఆ నకలు ఎంఈవోకూ (మండల విద్యాధికారి) ఐటీడీఏ పీవోకూ (ప్రాజెక్టు అధికారి) ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పిన ఖాళీ ఏ లెక్కలోకీ ఎక్కదు.